కాలవ గట్ల మీద తిరగడానికి పాత ఆటోమేటిక్: ఏఎంటీయా, సీవీటీయా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఎడమ మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేకపోతున్నారు. అయిదు లక్షల్లోపు రెండు పాత కార్లు చూశాం. ఒకటి 2016 ఏఎంటీ హ్యాచ్‌బ్యాక్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2014 సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) సెడాన్, 92 వేలు.

ఏఎంటీ లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ మాత్రం అదే తొక్కుకుంటుంది, మైలేజీ కూడా బావుంటుంది అంటాడు మా బావ. నిజమే. కానీ నడుపుతుంటే కాలవ వంతెన ఎక్కే చోట కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురొచ్చి ఆగాల్సొచ్చింది. బ్రేక్ వదలగానే బండి జానెడు వెనక్కి జారింది. వెనక స్కూటరాయన ఒకటే కేకలు! నాన్నగారైతే టెన్షన్ పడిపోతారు.

సీవీటీ మాత్రం పంటు మీద కూర్చున్నట్టు కుదుపు లేకుండా సాగింది. అయితే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లులు ఓనర్ దగ్గర లేవు. ఆయిల్ రంగు, వాసన చూసి ఏమైనా చెప్పొచ్చా? ఏఎంటీలో క్లచ్ ఎంత అరిగిందో కొనే ముందు ఎలా తెలుసుకోవాలి? వరద నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వెళ్లాయేమో కనిపెట్టేదెలా? మా లంకల వైపు బండ్లకి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

లేదంటే రెండూ వదిలేసి, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా శక్తినందించే పాత తరహా ఆటోమేటిక్) గ్రాండ్ ఐ10 వెతుక్కోమంటారా?