వైజాగ్ నుంచి హైదరాబాద్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి ఏది సుఖం?

శ్రీకాకుళం టౌన్:
అందరికీ నమస్కారం. అక్క కూకట్‌పల్లిలో ఉంటోంది, రెండో కాన్పు అక్కడే. వచ్చే నెల అమ్మని దిగబెట్టి రావాలి. అమ్మకి 62 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఒకేచోట గంటసేపు కూర్చుంటే లేవడానికి చాలా అవస్థ పడుతుంది. నాన్నగారు వైజాగ్ వెళ్ళి వందేభారత్ ఎక్కమంటున్నారు, బావగారు విమానం టికెట్ తీస్తానంటున్నారు, నాకేమో ఇక్కడి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే కూకట్‌పల్లిలోనే దిగిపోవచ్చనిపిస్తోంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఆమదాలవలస:
లెక్క వైజాగ్ నుంచి కాదండీ, మీ ఇంటి గుమ్మం నుంచి వెయ్యండి. వందేభారత్ మంచి బండే, వైజాగ్ నుంచి ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్ చేర్చేస్తుంది, కానీ అన్నీ కుర్చీలే, పడుకోవడానికి బెర్త్ ఉండదు, పైగా తెల్లవారుజామున బయల్దేరే బండి అయితే, దాన్ని అందుకోవడానికి వంద కిలోమీటర్లు ముందురోజే వెళ్ళి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. అమ్మగారి మోకాళ్ళకి కుర్చీలో అంతసేపు కూర్చోవడమే అసలు శిక్ష. మన ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనే ఫలక్‌నుమా, కోణార్క్ రైళ్ళు ఆగుతాయి కదా, థర్డ్ ఏసీలో కింద బెర్త్ దొరికితే రాత్రంతా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. వైజాగ్‌లో ఇంజన్ తీసి రెండోవైపు తగిలిస్తారు కాబట్టి బండి కాసేపు ఆగుతుంది, అప్పుడు లేపి నాలుగడుగులు నడిపించండి.

విజయనగరం:
పైన చెప్పిందే నా మాట కూడా. కింద బెర్త్ కావాలంటే మాత్రం ఒకటి చెయ్యండి, అమ్మగారి టికెట్ విడిగా, సీనియర్ సిటిజన్ కోటాలో తియ్యండి. మీ పేరు కూడా అదే టికెట్‌లో పెడితే ఆ కోటా వర్తించదు, చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. మీది జనరల్ కోటాలో వేరేగా తీసుకోండి, బోగీలు వేరైనా రాత్రి ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే వచ్చే నెలకి ఇప్పటికే బుక్ అవుతుంటాయి, ఇవాళే చూడండి. పెద్దవాళ్ళ రాయితీ మాత్రం 2020 నుంచి లేదు, పూర్తి ఛార్జీయే.

రాజాం:
నేను ఒప్పుకోను. విమానంలో గాల్లో ఉండేది గంటా పావు, బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని అడిగితే గేటు దాకా వాళ్ళే తీసుకెళ్తారు, డబ్బులు తీసుకోరు. రైలు పెట్టెలో ఆ నిటారు మెట్లు ఎక్కలేక మా అత్తగారు పడ్డ బాధ చూశాక రైలు మాట ఎత్తాలంటేనే నాకు భయం. బావగారు టికెట్ తీస్తానంటున్నప్పుడు కాదనకండి.

శ్రీకాకుళం టౌన్:
మెట్ల సంగతి నాకు తట్టలేదండీ, ప్లాట్‌ఫాం ఎత్తుగా ఉన్నా అమ్మకి కష్టమేనా? బస్సు గురించి ఎవరూ చెప్పలేదు.

ఆమదాలవలస:
బస్సు వద్దండీ. స్లీపర్‌లో పై బెర్త్ వస్తే నిచ్చెన ఎక్కాలి, కింద వచ్చినా బాత్రూం కోసం డ్రైవర్ ఎక్కడ ఆపితే అక్కడే, రాత్రిపూట ఆ వయసు ఆడవాళ్ళు మొహమాటానికి నీళ్ళు తాగడం మానేస్తారు. ప్లాట్‌ఫాం ఎత్తుగా ఉంటే ఒకటి రెండు మెట్లే మిగులుతాయి, మీరు ముందు ఎక్కి చెయ్యి అందిస్తే సరిపోతుంది. విమానమూ తప్పేం కాదు, కానీ ఇక్కడినుంచి వైజాగ్ దాకా కారు, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లి దాకా మళ్ళీ కారు, ఆ కూర్చోవడం కూడా కలుపుకోండి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి అయితే మనకి రోడ్డు సగం తగ్గుతుంది, అప్పుడు నేనే విమానం అంటాను.

విజయనగరం:
ఇంకొకటి, కొన్ని రైళ్ళని ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి ఊరికి తూర్పున, కూకట్‌పల్లి పడమర, మధ్యలో నగరమంతా దాటాలి. టికెట్ తీసే ముందు దిగే స్టేషన్ పేరు చూసి, బావగారికి ఆ పేరే చెప్పండి.