లైట్లు అబ్బాయిలకు, ఇస్త్రీ అమ్మాయిలకు: ఇదెక్కడి లెక్క?

వింగ్_పక్కన_విమల: మా నాటక బృందం వాట్సాప్ గ్రూపులో నిన్న వచ్చిన మెసేజ్: "రవీంద్రభారతి ప్రదర్శనకు వాలంటీర్లు కావాలి. లైట్లు, సెట్‌కు అబ్బాయిలు, కాస్ట్యూమ్స్‌కు అమ్మాయిలు." నాకు లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ బోర్డు వచ్చు, ఏ లైటు ఎప్పుడు వెలగాలో చెప్పే క్యూ షీటు రాయడం వచ్చు. అయినా ప్రతిసారీ చేతిలో ఇస్త్రీపెట్టె పెడతారు. మీ దగ్గరా ఇంతేనా?

పాత_పరిషత్తు: ఇందులో అవమానం ఏముందమ్మా? ఆహార్యానికి, అంటే వేషధారణకు, నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో విడిగా బహుమతే ఇస్తారు. లైట్లంటే బటన్ నొక్కడం కాదు. నిచ్చెనెక్కి, లైటు బిగించి, సేఫ్టీ చైన్ వేసి, ఫోకస్ తిప్పాలి. చీరతో ఎక్కుతారా?

విమల: సెట్ వేసే రోజు చీరలో ఎవరొస్తారండీ?

లింగంపల్లి_బ్యాచ్: 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజాన్ని చూడండి. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో అక్కడ ఆడవాళ్ళే కట్టారు. ఇంటిల్లిపాదీ తెర వెనక పనీ అందుకుంటారు.

పాత_పరిషత్తు: అది కుటుంబం. మనం ఆఫీసులయ్యాక కూడేవాళ్ళం. సెట్ విప్పి బండికెక్కించేసరికి అర్ధరాత్రి. ఒకసారి ఒకమ్మాయిని ఉంచితే వాళ్ళ నాన్న ఫోన్ చేసి నన్ను కడిగేశాడు.

చిక్కడపల్లి_చిన్నోడు: స్టేజీకి వాడే పార్ లైటు గ్యాస్ సిలిండర్ కన్నా బరువా అన్నా? మా అమ్మ సిలిండర్ ఒక్కతే మారుస్తుంది.

పాత_పరిషత్తు: బరువు కాదయ్యా, ఎత్తు! ఆ నిచ్చెన మీదే నా భుజం పోయింది. తమాషా అనుకుంటున్నారా?

విమల: నిచ్చెన, నిచ్చెన! అర్ధరాత్రి అంటున్నారు కదా, బట్టలన్నీ లెక్కపెట్టి ట్రంకుల్లో సర్దేదెవరు? లైట్లాయన వెళ్ళిపోయాకే మేం బయటపడతాం. అప్పుడు మా క్షేమం ఎవరికీ గుర్తురాదే!

పాత_పరిషత్తు: గొంతు పెంచితే న్యాయం మీ వైపు ఉన్నట్టు కాదు.

సెట్_సుత్తి: ఇద్దరూ ఆగండి. అసలు డబ్బులెవరికి ఇస్తున్నారు?

విమల: అదీ అడగాల్సింది. లైట్లాయనకు అద్దె, పైన కూలీ. సెట్ కుర్రాళ్ళకు బేటా, అంటే రోజు ఖర్చులకు డబ్బు. మేకప్ ఆయనకు, ఆయనా మగాడే, ముఖానికి ఇంతని. కాస్ట్యూమ్స్‌కు మాత్రం "మన అమ్మాయిలే కదా". పోయినసారి రాజుగారి కండువా జరీకి మేకప్ రంగు అంటింది. ఇంటికి తీసుకెళ్ళి, కుంకుడు రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, నీడన ఆరేశాను. డ్రైక్లీనింగ్‌కు ఇచ్చుంటే బిల్లు పాసయ్యేది. నేను చేస్తే కళాసేవ.

పాత_పరిషత్తు: ఆ లైట్లు ఆయన సొంత డబ్బుతో కొన్నవి. అద్దె ఎగ్గొట్టమంటారా?

చిన్నోడు: అద్దె కాదన్నా, కూలీ.

పాత_పరిషత్తు: టికెట్లు అమ్ముడుపోని నాటకానికి కూలీలెక్కడివి? నాకెవరిచ్చారు? ఇన్నేళ్ళూ జేబులోంచే పెట్టాను.

విమల: కరపత్రంలో మీ పేరైనా వేశారు. ఈసారి మా పేర్లూ వేయాలి, ఉతుకుడు ఖర్చూ ఇవ్వాలని గ్రూపులో అడిగాను. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు.

పాత_పరిషత్తు: ఇలాంటివి కమిటీలో పెట్టాలమ్మా, వాట్సాప్‌లో కాదు.

చిన్నోడు: కమిటీలో ఆడవాళ్ళెందరన్నా?

పాత_పరిషత్తు: ఎందుకు లేరు? కోశాధికారి గారి భార్య ప్రతి మీటింగ్‌కూ వస్తారు. టీలు, టిఫిన్లు ఆవిడే చూసుకుంటారు.