మట్టి బాటకు తారు వేయాలా, వద్దా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా ఇళ్ల వెనక చెట్ల మధ్యగా ఓ మట్టి బాట ఉంది. నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, సైకిళ్లవాళ్లు అందరికీ అదొక్కటే. దానికి తారు వేయాలని కొందరు, వద్దని కొందరు పట్టుబడుతున్నారు. వచ్చే సమావేశంలో నేనూ మాట్లాడాలి.

నేను రోజూ పొద్దున్నే అక్కడ పరిగెడతాను. మట్టి మీద మోకాళ్లకు హాయిగా ఉంటుంది కాబట్టి మొదట వద్దనే అన్నాను. మొన్న వాన వెలిశాక ఒకావిడ వాళ్ల నాన్నగారిని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చింది. ముందున్న చిన్న చక్రాలు బురదలో దిగబడిపోయాయి. ఇద్దరం కలిసి కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాగి దాటించాం. ఆయన ఏమీ అనలేదు, చేతులు మాత్రం కుర్చీని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. అప్పటినుంచి వద్దని చెప్పడానికి నోరు రావట్లేదు.

తారు వేస్తే సైకిళ్ల వేగం పెరుగుతుందన్న భయం నాకూ ఉంది. చెట్ల వేర్లు కిందనుంచి లేపి తారును పగలగొడతాయి కూడా. రాతిపొడి పరిచి, తడిపి, రోలర్‌తో అణిచే పద్ధతి ఒకటుంది. గట్టిగా అణిస్తే దానిమీద వీల్‌చెయిర్ వెళ్తుంది, కానీ వాలు ఉన్నచోట వాననీటికి కోసుకుపోతుంది.

రాతిపొడి బాట వాడుతున్నవాళ్లు, రెండు మూడు వానాకాలాల తర్వాత అదెలా ఉందో చెప్పండి. తారు పక్కన మట్టి అంచు వదిలితే పరిగెత్తేవాళ్లకు సరిపోతోందా? అందరూ కలిసి వెళ్లే బాటకు సాధారణంగా 3 మీటర్ల వెడల్పు ఉండాలంటారు, మాది అంత లేదు. చెట్లు కొట్టకుండా మీరెలా సర్దుకున్నారు?