సుజౌ నుంచి షాంఘై: ఇద్దరు పిల్లలతో శని, ఆదివారాలు ఎలా ప్లాన్ చేయాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మావారి ఉద్యోగం వల్ల రెండు నెలల క్రితం చైనాలో షాంఘైకి దగ్గర్లో ఉన్న సుజౌ వచ్చాం. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. వచ్చే శనివారం పొద్దున షాంఘై వెళ్లి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. డిస్నీ, బండ్ (నది ఒడ్డున నడిచే దారి), ఎత్తైన టవర్, యూ గార్డెన్ అన్నీ చూడాలని బాబు ఒకటే పట్టు. మేం మాంసం తినం, పాపకి గుడ్డు పడదు. చైనీస్ రాదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎలా వెళ్లాలో చెప్పరూ?

జవాబు 1:
చెల్లీ, ముందు డిస్నీని ఈసారికి పక్కన పెట్టండి. దానికి ఒక రోజు పూర్తిగా కావాలి, మిగతావన్నీ కుదించినా సరిపోదు. సుజౌ మెట్రో 2023 నుంచి హువాచియావో స్టేషన్‌లో షాంఘై మెట్రో 11వ లైన్‌తో కలుస్తోంది, ఆ లైన్ రెండో చివర డిస్నీయే. కానీ ఈ చివర నుంచి ఆ చివరకు మెట్రోలో కూర్చుంటే పిల్లలు అక్కడికి చేరేసరికే నీరసపడిపోతారు.

హైస్పీడ్ రైల్లో వెళ్లండి, దాదాపు అరగంటే. ఆరేళ్లలోపు పాపకి విడిగా సీటు అక్కర్లేకపోతే టికెట్ ఉండదు, బాబుకి సగం ధర. నలుగురి పాస్‌పోర్టులూ చేతిలో ఉండాలి. టికెట్ కొనేటప్పుడు దిగే స్టేషన్ పేరు రెండుసార్లు చూసుకోండి: 'షాంఘై' వేరు, 'షాంఘై హాంగ్‌చియావో' వేరు. మొదటిసారి మేం చూసుకోక హాంగ్‌చియావోలో దిగి, నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని లాక్కుంటూ ఊరి మధ్యకి రావడానికి చాలాసేపు పట్టింది. మీరు 'షాంఘై' స్టేషన్‌కే తీసుకోండి. అక్కడ మెట్రో 1వ లైన్ ఎక్కి ఒక స్టాప్, హాన్‌జోంగ్ రోడ్‌లో 13వ లైన్‌కి మారి ఇంకో స్టాప్. నేచురల్ హిస్టరీ మ్యూజియం గుమ్మం దగ్గరే దిగుతారు. రాక్షసబల్లుల అస్థిపంజరాలు చూస్తే మీ బాబు డిస్నీ మాటే ఎత్తడు. పాస్‌పోర్టు నంబర్లతో ముందే బుక్ చేసుకోండి.

జవాబు 2:
అక్క చెప్పినట్టే చేయండి. సాయంత్రం చీకటి పడేవేళకి బండ్‌కి వెళ్లండి, స్థానికులు వైతాన్ అంటారు. శనివారం జనం విపరీతం. మా బాబు ఒకసారి చెయ్యి వదిలేసి అయిదు నిమిషాలు కనబడలేదు, నా ప్రాణం పోయినంత పనైంది. అప్పటినుంచి మా ఫోన్ నంబరు, హోటల్ చిరునామా చైనీస్‌లో రాసిన కార్డు పిల్లల జేబులో పెట్టకుండా వాళ్లని బయటికి తీసుకెళ్లను. మీరూ పెట్టండి.

నది దాటడానికి పడవ టికెట్ 2 యువాన్లే. పిల్లలకి అదే పెద్ద సరదా. ఇక టవర్ అంటారా, 632 మీటర్ల షాంఘై టవర్‌కి ముందే టికెట్ కొనకండి. మబ్బు పట్టిన రోజు 118వ అంతస్తు నుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. ఆదివారం ఆకాశం తేటగా ఉంటేనే ఎక్కండి, లేకపోతే యూ గార్డెన్‌కి పొద్దున్నే వెళ్లిపోండి. మధ్యాహ్నానికి అక్కడ కాలు పెట్టే చోటుండదు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా. తిండి సంగతి?

జవాబు 1:
శనివారానికి పులిహోర కలిపి పట్టుకెళ్లండి. స్టేషన్లలో, రైళ్లలో వేడినీళ్ల కుళాయిలుంటాయి, ఫ్లాస్కు ఉంటే చాలు. బయట తినేటప్పుడు 'కూరగాయలు' అన్నా నమ్మకండి. పంది కొవ్వుతోనో ఆయిస్టర్ (సముద్రపు ఆల్చిప్ప) సాస్‌తోనో వేయించి ఉండొచ్చు. 'మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్ వద్దు' అని చైనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి, నేను పంపుతాను. నాన్‌జింగ్ వెస్ట్ రోడ్‌లో గోంగ్‌డెలిన్ అని 1922లో మొదలైన శాకాహార హోటల్ ఉంది. కొన్ని వంటకాలు అచ్చం బాతు మాంసంలా కనబడతాయి, అవన్నీ సోయాతో, గోధుమతో చేసినవే, కంగారుపడకండి. గుడ్డు గురించి మాత్రం అక్కడా అడగండి.

జవాబు 3:
రెండు మాటలు కలుపుతాను. గది బుక్ చేసేముందు విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని హోటల్‌కి మెసేజ్ పెట్టండి. ఒకచోట రాత్రి తొమ్మిదింటికి మమ్మల్ని తిప్పి పంపేశారు, పిల్లలు ఏడుపు. మెట్రోలో ఒక్కో పెద్దతో 1.3 మీటర్లలోపు పిల్లలు ఒకరు ఉచితం, కాబట్టి బాబు ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని బయల్దేరండి.