ఆఫీస్ ఇంటర్‌కామ్‌లో నైట్ మోడ్: టైముకి దానంతటదే మారాలా, మనిషి మార్చాలా?

బీసెంట్ రోడ్ ఆఫీస్
నమస్కారమండీ. మాది విజయవాడ బీసెంట్ రోడ్డులో హోల్‌సేల్ బట్టల ఆఫీసు. పానసోనిక్ టీఈఎస్824 ఇంటర్‌కామ్ సిస్టం ఉంది. మూడు బయటి లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు), అదనంగా కార్డులేమీ వేయలేదు. పగలు రిసెప్షన్‌లో మోగాలి, రాత్రి గోడౌన్‌లోనూ వాచ్‌మన్ దగ్గరా మోగాలి. ప్రస్తుతం ఇరవై నాలుగు గంటలూ డే మోడ్‌లోనే పడి ఉంది. నైట్ మోడ్ టైముకి ఆటోమేటిక్‌గా మారేట్టు పెట్టించాలా, లేక రిసెప్షన్ అమ్మాయి ఇంటికెళ్లేటప్పుడు మార్చి వెళ్లాలా? వైరింగ్ ఆయన ఒకటి చెబుతున్నాడు, మా అకౌంటెంటు గారు ఇంకొకటి చెబుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

క్రోన్ టూల్
ఆటోమేటిక్ పెట్టించండి, రెండో ఆలోచన వద్దు. మనిషి మర్చిపోతాడు, గడియారం మర్చిపోదు.

అయితే నైట్ మోడ్ అంటే ఒక్క స్విచ్ అనుకోవద్దు. లోపల మూడు వేర్వేరు పట్టికలు ఉంటాయి, ఒక్కోదానికి డే, నైట్, లంచ్ మోడ్‌లకు వేర్వేరు ప్రోగ్రామ్ నంబర్లు. బయటి లైను ఏ ఎక్స్‌టెన్షన్‌లో మోగాలన్నది 408 డేకి, 409 నైట్‌కి, 410 లంచ్‌కి. ఏ ఎక్స్‌టెన్షన్ ఏ లైను పట్టుకుని బయటికి చేయొచ్చన్నది 405, 406, 407. ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఏ స్థాయి అనుమతి ఉందన్నది 601, 602, 603. చాలామంది 409 ఒక్కటి మార్చి పనైపోయిందంటారు. ఫోను గోడౌన్‌లో మోగుతుంది, కానీ 602 ముట్టుకోలేదు కాబట్టి వాచ్‌మన్ బల్ల మీది ఫోన్ నుంచి రాత్రంతా ఐఎస్‌డీ వెళ్తుంది.

ఫోన్ నుంచి ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లాలంటే జాక్ 01కి (మొదటి ఎక్స్‌టెన్షన్ సాకెట్‌కి) డిస్‌ప్లే ఉన్న పానసోనిక్ ఫోనే ఉండాలి, మామూలు ఫోన్‌తో కుదరదు. ప్రోగ్రామ్ బటన్, తర్వాత స్టార్, హాష్, ఆపైన సిస్టం పాస్‌వర్డ్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది 1234. ముందు 000లో తేదీ, టైము సరిచేయాలి. అది తప్పుంటే ఆటోమేటిక్ అంతా తప్పే. ప్రతి మార్పు తర్వాత స్టోర్ నొక్కాలి. నొక్కకుండా తర్వాతి నంబరుకి వెళ్తే ఆ మార్పు నిలవదు.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
అన్నా, గడియారం మర్చిపోదు, నిజమే. దానికి తెలియదు కూడా. గుంటూరు యార్డులో సీజన్లో కొట్లు తెల్లారకముందే తెరుస్తారు. సరుకు ఎక్కువ వచ్చిన రోజు రాత్రి పది దాకా కాటాలు నడుస్తాయి. ఎండాకాలం సెలవులిస్తే యార్డే మూత. ఏడు గంటలకు నైట్ మోడ్ అని ఒక అంకె వేసి కూర్చుంటే, ఏడుంబావుకి రైతు చేసిన ఫోను ఎవరూ లేని గదిలో మోగుతుంది, గుమస్తా పక్క గదిలో ఖాళీగా కూర్చుని ఉంటాడు. మనిషి ఉన్నాడో లేడో మనిషే చెప్పాలి. మాన్యువలే సరైనది.

సూర్యారావుపేట రిసెప్షన్
ఆస్పత్రికైతే మాన్యువలే. డ్యూటీ మారే టైము రోజుకోలా ఉంటుంది.

అరండల్‌పేట లైన్స్
మోడ్ ఏదైనా సరే, 112, 108, 100, 101 మాత్రం ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ అన్ని మోడ్‌లలో తెరిచి ఉంచండి.

క్రోన్ టూల్
మిర్చియార్డ్ గారూ, ఆటోమేటిక్ పెట్టినా ఆపరేటర్ ఫోన్ నుంచి ఫీచర్ కోడ్ కొట్టి మోడ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సిస్టం అడ్డుకోదు. తర్వాతి టైము వచ్చేదాకా మీరు పెట్టిన మోడే నడుస్తుంది, అప్పుడు మళ్లీ తన దారిన వెళ్తుంది. మీ సీజన్ రోజుల్లో ఏడింటికి నైట్ పడగానే గుమస్తా డేకి వెనక్కి తిప్పుకుంటే సరిపోతుంది. మర్చిపోయిన రోజున నష్టం ఎటు తక్కువో చూడండి. మాన్యువల్‌లో మర్చిపోతే రాత్రంతా బయటి కాల్స్ తెరిచి ఉంటాయి. ఆటోమేటిక్‌లో మర్చిపోతే ఒక ఫోను తప్పుచోట మోగుతుంది.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
ఆ ఒక ఫోనే మాకు లారీ లోడు సరుకు. మీరు కాల్స్ బిల్లు గురించి మాట్లాడతారు, నేను వచ్చే వ్యాపారం గురించి మాట్లాడతాను.

బ్రాడీపేట స్విచ్‌రూమ్
బిల్లు అంటే గుర్తొచ్చింది. అనుమతి స్థాయిలు పాత పద్ధతిలోనే ఉంటే ముందు వాటిని సరిచేయాలి. ఒకప్పుడు ఎస్టీడీ ఆపాలంటే 0 ని నిషేధ కోడ్‌గా వేస్తే చాలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు 0 కొట్టాలి. అంటే 0 ఆపితే మొబైల్స్ అన్నీ ఆగిపోతాయి. ఈ సంగతి తెలియక లైను పాడైందని ఫిర్యాదు చేసే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి.

క్రోన్ టూల్
అందుకే 0 తీసేసి ఐఎస్‌డీకి కొట్టే 00 మాత్రం ఆపండి. అన్‌లిమిటెడ్ ప్లాన్లలో ఎస్టీడీకి వేరే చార్జీ లేనప్పుడు దాన్ని ఆపి చేసేదేముంది?

బ్రాడీపేట స్విచ్‌రూమ్
అందరికీ ఆ ప్లాను ఉండదండీ. 0 ఆపి 06, 07, 08, 09 కి మినహాయింపు ఇవ్వొచ్చు కదా. మొబైల్స్ వెళ్తాయి, ఎస్టీడీ ఆగుతుంది.

క్రోన్ టూల్
ఆగదు. ఆంధ్రా ఎస్టీడీ కోడ్లన్నీ 08 తోనే మొదలవుతాయి. విజయవాడ 0866, గుంటూరు 0863, విశాఖ 0891, నెల్లూరు 0861. బెంగళూరు కూడా 080. మీ మినహాయింపులో ఇవన్నీ దూరిపోతాయి. ఆగేవి హైదరాబాద్ 040, చెన్నై 044 లాంటివే. పక్క జిల్లా తెరిచి హైదరాబాద్ మూసినట్టవుతుంది.

బ్రాడీపేట స్విచ్‌రూమ్
అయితే 0861, 0891 అంటూ విడివిడిగా నిషేధం వేయాలి.

క్రోన్ టూల్
వేయండి. అప్పుడు 8 తో మొదలై, ఆ తర్వాతి రెండంకెలు కూడా వాటితో కలిసిన మొబైల్ నంబర్లూ ఆగుతాయి. 0 తర్వాత మొబైలైనా పది అంకెలే, ఎస్టీడీ కోడ్, నంబరు కలిపినా పది అంకెలే. ముందున్న నాలుగంకెలు చూసి సిస్టం తేడా పట్టలేదు.

బ్రాడీపేట స్విచ్‌రూమ్
నాలుగు కాదు, అయిదో అంకె కూడా కలిపి వేస్తే? బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్లు 2 తో మొదలవుతాయి కదా. 08612, 08912 అని.

క్రోన్ టూల్
మొబైల్‌లో కూడా ఆ చోట 2 ఉండొచ్చు. తగ్గుతుంది, పోదు.

సూర్యారావుపేట రిసెప్షన్
అడిగింది నైట్ మోడ్ గురించండీ.

బీసెంట్ రోడ్ ఆఫీస్
పర్లేదండీ, ఇదీ పనికొచ్చేదే. మాది అన్‌లిమిటెడ్ ప్లానే. వాచ్‌మన్ ఫోన్ నుంచి ఏం వెళ్లాలి, ఏం వెళ్లకూడదు అన్నది ఎలా పెట్టాలి?

క్రోన్ టూల్
ఇందులో అనుమతి అయిదు స్థాయిలు. 1 కి ఏ అడ్డూ లేదు. 2 వ స్థాయికి 2 లో రాసిన నిషేధ కోడ్లు, 3 వ స్థాయికి 2, 3 రెండింటిలోవీ, అలా 5 కి వచ్చేసరికి 2 నుంచి 5 దాకా రాసినవన్నీ వర్తిస్తాయి. కాబట్టి అందరికీ ఆపాల్సిన 00 ని 2 లో ఒక్కసారి రాస్తే చాలు, కిందివాళ్లందరికీ ఆగుతుంది. వాచ్‌మన్‌కి రాత్రి 5 ఇవ్వండి, 5 లో 0 ఆపండి. ఓనరు గారి మొబైల్, మేనేజరు మొబైల్ మాత్రం సిస్టం స్పీడ్ డయల్‌లో వేయండి. నూరు నంబర్లు పడతాయి. ఆ స్పీడ్ డయల్ నంబర్లకు ఏ స్థాయి వర్తించాలన్నది విడిగా పెట్టుకోవచ్చు. అప్పుడు మొబైల్స్‌లో వాచ్‌మన్ ఆ రెండు నంబర్లకే చేయగలడు.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
ఇదంతా బాగానే ఉంది. రేపు ఓనరు మొబైల్ నంబరు మారితే ఎవరు మార్చాలి?

క్రోన్ టూల్
ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉన్న టెక్నీషియన్.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
చూశారా, నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే, మీరు వినడం లేదు. మీ ఆటోమేటిక్ ఎవరి కోసం? మీ కోసం. ఒకసారి వచ్చి అంకెలు కొట్టి, పాస్‌వర్డ్ మార్చి, అది చెప్పకుండా వెళ్లిపోతారు. యార్డు సెలవులొచ్చినప్పుడు టైము మార్చమంటే నాలుగు రోజులకొస్తారు. వచ్చి మూడు నిమిషాల్లో మార్చి విజిటింగ్ చార్జీ రాస్తారు. మా దగ్గర అంతకుముందు చూసిన ఏజెన్సీ సరిగ్గా ఇదే చేసింది. మేం డబ్బు పెట్టి కొన్న డబ్బాలోకి మేం వెళ్లలేకపోయాం. మాన్యువల్ అయితే ఆ ఫీచర్ కోడు మా చేతిలో ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

క్రోన్ టూల్
బతిమాలడం ఏంటండీ! పాస్‌వర్డ్ ఇచ్చిన ఆఫీసుల్లో ఏం జరుగుతుందో తెలుసా? ఆఫీసు కుర్రాడు ఎక్కడో చూసి 999 కొడతాడు. అది సిస్టం డేటా మొత్తం తుడిచే నంబరు. ఎక్స్‌టెన్షన్ నంబర్లు, రింగింగ్, హంటింగ్ (ఒక ఫోన్ బిజీగా ఉంటే ఇంకోదానికి వెళ్లడం), స్పీడ్ డయల్, అన్నీ పోయి ఫ్యాక్టరీ స్థితికి వస్తాయి. అప్పుడు రాత్రి ఎనిమిదింటికి ఫోను నాకే. అంతా మళ్లీ వేసి వస్తే, మీ సిస్టం పాడైంది కాబట్టి డబ్బులివ్వం అంటారు. ఆటోమేటిక్ పెట్టేది సోమరితనంతో కాదు. రోజూ మనిషి చేతిలో ఉన్నది ఎక్కడో ఒకచోట తప్పుతుంది, ఆ తప్పుకి జవాబు చెప్పేది నేను.

అరండల్‌పేట లైన్స్
ఇప్పుడు అసలు గొడవ బయటపడింది. మోడ్ గురించి కాదు, పాస్‌వర్డ్ గురించి.

బ్రాడీపేట స్విచ్‌రూమ్
పాస్‌వర్డ్ 1234 గానే వదిలేసే ఏజెన్సీలూ ఉన్నాయి, అది ఇంకా ప్రమాదం. డీసా, అంటే బయటి కాల్‌ని సిస్టమే ఎత్తే ఏర్పాటు, ఉంటే మరీనూ. బయటి నుంచి వచ్చిన కాల్ రికార్డయిన సందేశం విని, కోడ్ కొట్టి ఇంకో బయటి లైను పట్టుకునేలా వదిలేస్తే మీ లైను మీద ఊరంతా ఐఎస్‌డీ మాట్లాడుతుంది. లైను నుంచి లైనుకి కాల్ అవసరం లేకపోతే దాన్ని పూర్తిగా మూసేయాలి.

డీసాకి ఇంకో చిక్కు. అవతలివాళ్లు ఫోను పెట్టేశారని సిస్టంకి తెలియాలంటే ఎక్స్ఛేంజి పొలారిటీ (లైను ప్లస్, మైనస్) తిప్పాలి, లేదా సిస్టం బిజీ టోన్‌ను గుర్తుపట్టాలి. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. రాగి తీగ తీసేసి ఫైబర్ పెట్టె నుంచి లైను తీసుకున్నచోట పొలారిటీ రాకపోవచ్చు. అప్పుడు రాత్రి ఎవరో చేసి పెట్టేసిన కాల్, ఎవరూ లేకుండా తెల్లారేదాకా లైను పట్టుకుని కూర్చుంటుంది. ఉదయం మూడు లైన్లూ బిజీ. పొలారిటీ అందుతోందా అని మీటరుతో చూడండి. లైను కొసల మధ్య వోల్టేజీ గుర్తు, అవతలి మనిషి ఫోను ఎత్తినప్పుడు, పెట్టేసినప్పుడు తిరగబడాలి.

సూర్యారావుపేట రిసెప్షన్
మాకు ఇదే జరుగుతోందనుకుంటా. ఉదయం రీస్టార్ట్ చేస్తే గానీ లైన్లు రావు.

క్రోన్ టూల్
రీస్టార్ట్ పరిష్కారం కాదండీ. బిజీ టోన్ గుర్తింపు ఆన్ చేయించండి. దానితో పాటు లైనుకి గరిష్ఠ కాల్ సమయం పెట్టించండి.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
పాస్‌వర్డ్ సంగతి పక్కకి తప్పించారు.

క్రోన్ టూల్
తప్పించలేదు. ఇస్తాను, ఇవ్వాల్సిందే, డబ్బా మీదే. కానీ ఒక షరతు. ఆఫీసులో ఒక్కరి దగ్గరే ఉండాలి, ఓనరు లేదా మేనేజరు. మార్చిన ప్రతిదీ రాయాలి: తేదీ, ప్రోగ్రామ్ నంబరు, ముందున్న విలువ, ఇప్పటి విలువ. సిస్టం డేటా కంప్యూటర్లోకి సేవ్ చేసిన ఫైలు మీ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. యూఎస్‌బీ పోర్టు డబ్బాలోనే ఉంది. 999 కొట్టినా ఆ ఫైలు ఎక్కిస్తే పది నిమిషాల పని. ఆ కాగితం లేకుండా పాస్‌వర్డ్ ఇచ్చి ప్రయోజనం లేదు.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
ఇది ఒప్పుకుంటాను. కాగితం బిల్లుతో పాటే రావాలి, అడిగితే ఇచ్చేది కాదు. మాన్యువల్ విషయంలో మాత్రం నా మాట మారదు. యార్డుకి అదే.

బ్రాడీపేట స్విచ్‌రూమ్
యార్డుకి సరే. బట్టల ఆఫీసుకి తాళం వేసే టైము రోజూ ఒకటే. అక్కడ ఆటోమేటిక్ నయం.

బీసెంట్ రోడ్ ఆఫీస్
మేం తాళం వేసేది రాత్రి తొమ్మిదిన్నరకి. ఆదివారం మధ్యాహ్నమే కట్టేస్తాం.

క్రోన్ టూల్
అయితే వారంలో రోజును బట్టి టైము వేయించండి. తొమ్మిదిన్నరకి కాదు, తొమ్మిది ముప్పావుకి నైట్ పెట్టండి, చివరి కస్టమరు ఫోను తప్పిపోదు. లంచ్ మోడ్ మీకు అక్కర్లేదు, దాని టైము ఖాళీగా వదలండి.

ఇంకొకటి. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే మొదటి లైను నేరుగా జాక్ 01కి కలుస్తుంది. అక్కడున్న డిస్‌ప్లే ఫోన్ అప్పుడు పనిచేయదు. దానికి సమాంతరంగా ఒక మామూలు ఫోన్ కట్టించండి. వాచ్‌మన్ దగ్గరకైతే ఆ తీగ కూడా లాగించండి, చీకట్లో పనికొచ్చేది అదొక్కటే.

బీసెంట్ రోడ్ ఆఫీస్
శుక్రవారం టెక్నీషియన్ వస్తున్నాడు. 408, 409, 602 పట్టికలు ముందే కాగితం మీద రాసి ఉంచుతాను. పాస్‌వర్డ్ ఎదురుగా మార్పించుకుని, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాకే సంతకం పెడతాను.

మిర్చియార్డ్ ఇంటర్‌కామ్
పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడండి. ఖాళీ ఫైలు ఇచ్చి వెళ్లేవాళ్లున్నారు.