సగం రెక్కతో ఏం లాభం?

మట్టిబుర్ర (ప్రశ్న):
మావాడు ఏడో తరగతి. పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయని ఎక్కడో చదివి, "మరి రెక్క పూర్తిగా రాకముందు సగం రెక్కతో అది ఏం చేసుకునేది నాన్నా?" అని అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకున్నా గానీ అప్పట్నుంచి నాకే తోచట్లేదు. ఎగరడానికి పనికిరాని రెక్క ఒట్టి బరువే కదా, అది తరతరాలుగా ఎలా నిలిచింది? చెట్ల మీంచి దూకి ఎగరడం వచ్చిందా, నేల మీద పరిగెత్తి వచ్చిందా?

రాళ్లపిచ్చి:
ఈకలు ఎగరడం కోసం మొదలైనవి కావండీ, అక్కడే అందరం తికమకపడతాం. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ శిలాజం బయటపడింది, కోడిపిల్లకున్నట్టు ఒంటి మీద నూగు, అసలు రెక్కే లేదు. ఆ నూగు చలికి పనికొచ్చి ఉండాలి. అదే ప్రాంతంలో దొరికిన కాడిప్టెరిక్స్‌కి చేతుల మీద అసలైన ఈకలే ఉన్నాయి, కానీ ఎగరడానికి చాలవు. మంగోలియాలో దాని బంధువులు కొన్ని గుడ్ల మీద చేతులు చాచి కూర్చున్నట్టే శిలాజాలయ్యాయి, అచ్చం పొదుగుతున్న కోడి!

తెలుగు_మేష్టారు:
చకోరం వెన్నెల తాగుతుందని పిల్లలకి ఇన్నేళ్లు చెప్పా గానీ అది గోడలెక్కుతుందని ఈమధ్యే తెలిసింది :) అమెరికాలో మోంటానా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ డయల్ చుకర్ పిల్లల్ని, అంటే మన చకోరాల్నే, ఏటవాలు పలకల మీదికి ఎక్కించి చూశారు. 2003లో అచ్చయింది. ఇంకా ఎగరడం రాని పిల్లలు రెక్కలు టపటపలాడిస్తూ పలక మీదికి పరిగెత్తాయి. ఆ రెక్కలు వాటిని పైకి లేపడం కంటే పలకకేసి అదిమి పెట్టాయట, అందుకే కాళ్లు జారలేదు. ఈకలు కత్తిరిస్తే అంత నిటారుగా ఎక్కలేకపోయాయి. నక్క వెంటపడితే ఆ అరరెక్కే ప్రాణం కాపాడుతుంది కదా, మీవాడికి ఇదే చెప్పండి.

రాళ్లపిచ్చి:
మేష్టారూ, ప్రయోగం బావుంది గానీ నాకొక పేచీ ఉంది. చుకర్ ఎగిరే జాతి పిల్ల, భుజం కీలు, ఛాతీ కండరాలు ఎగిరేందుకు తయారై పుట్టాయి. జర్మనీ సున్నపురాళ్లలో 1861లో దొరికిన ఆర్కియోప్టెరిక్స్‌కి (15 కోట్ల ఏళ్ల నాటి, సగం పక్షి సగం డైనోసార్ లాంటి జీవి) భుజం అలా లేదు, రెక్కను వీపు పైకంటా ఎత్తలేకపోయేదని కొందరి వాదన. ఈకలు మాత్రం ఎగిరేవాటివే. ఓ కాకి రెక్క ఈక చూడండి, నడిమి కాడకి ఒకపక్క సన్నం, రెండోపక్క వెడల్పు, దీనికీ అంతే. ఇక 2003లోనే ప్రకటించిన మైక్రోరాప్టర్ గుయి అనే చిన్న డైనోసార్‌కి కాళ్లకి కూడా పొడుగు ఈకలు, మొత్తం నాలుగు రెక్కలన్నమాట! అది చెట్టు నుంచి చెట్టుకి గాల్లో జారేదంటే నమ్మబుద్ధేస్తుంది. యీ చీ అని ఇంకోటుంది, దానికి గబ్బిలంలా తోలు రెక్క. నన్నడిగితే చెట్టా నేలా అన్న తగువే తప్పు, ఎవరికి వీలైన దారిలో వాళ్లు ప్రయత్నించినట్టున్నారు, మిగిలింది మాత్రం ఒక్క వంశం.

మట్టిబుర్ర:
పొద్దున పక్కింటి కోడిపిల్లల్ని పరిగెత్తించాం. ఇసక గుట్ట మీదికి నిజంగానే రెక్కలు కొట్టుకుంటూ ఎక్కాయి! పక్కింటావిడ మమ్మల్ని తిట్టింది, అది వేరే సంగతి. ఇప్పుడు మావాడు "మరి ఇంత కష్టపడి నేర్చుకున్నాక ఉష్ట్రపక్షి ఎందుకు మానేసింది?" అంటున్నాడు. ఎవరైనా రండి.