కాలిఫోర్నియా తీరంలో ఒడ్డు నుంచే తిమింగలాలను చూడటానికి ఏ చోటు అనువుగా ఉంటుంది?

మార్చి చివర్లో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి శాన్ హోసేలోని మా ఇంటికి వస్తున్నారు. చలికాలమంతా మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగుల్లో గడిపి, వేసవి మేత కోసం అలాస్కా వైపు తిరిగి వెళ్లే బూడిద రంగు తిమింగలాలను వారికి చూపించాలని నా కోరిక. నాన్నగారికి పడవ ప్రయాణం పడదు. పాయింట్ రేయిస్ దీపస్తంభం ఇందుకు పేరుపొందినదే అయినా, అక్కడి 313 మెట్లు దిగి మళ్లీ ఎక్కడం ఆయన మోకాళ్ల వల్ల అయ్యే పని కాదు.

కారు దిగి కొద్ది అడుగులు వేస్తే చాలనుకునే పెద్దవారికి పిజియన్ పాయింట్, డావెన్‌పోర్ట్ కొండచరియలు, పాయింట్ లోబోస్‌లలో ఏది మేలో, అక్కడ కూర్చునే వసతి ఉంటుందో లేదో, వెళ్లి చూసినవారు దయచేసి చెప్పగలరు. పిల్లలతో ఉన్న తల్లి తిమింగలాలు అన్నింటికంటే వెనుకగా, ఏప్రిల్, మే నెలల్లో, ఒడ్డుకు బాగా దగ్గరగా సాగిపోతాయి కనుక అప్పటివరకు ఆగడమే మంచిదా, లేక ఆ రోజుల్లో వీచే గాలికి నీటి చిమ్ములను గుర్తుపట్టడమే కష్టమవుతుందా? నాన్నగారి చేతులు కొంచెం వణుకుతాయి. ఆయనకు ఏడు రెట్ల బైనాక్యులర్ సరిపోతుందా, లేక స్టాండు మీద నిలిపే పెద్దది తీసుకోవాలా?